ఒక్క సగటు లెక్కతో హాస్కెల్ మొదలుపెట్టండి: ఇన్‌స్టాల్ నుంచి మెమరీ లీక్ దాకా

జావాలోనో పైథాన్‌లోనో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళు కూడా హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష దగ్గరికి వచ్చేసరికి రెండో వారానికే వదిలేస్తుంటారు. నేను చూసినంతవరకు కారణం ఒకటే, మొట్టమొదటే "మొనాడ్ అంటే ఏంటి" అని వెతకడం మొదలుపెడతారు, పది వ్యాసాలు చదువుతారు, ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయరు. అందుకే ఇక్కడ మొనాడ్ జోలికే పోవట్లేదు. ఒక్కటే చిన్న పని తీసుకుందాం, కొన్ని అంకెల సగటు కట్టడం, అంతే. పైథాన్‌లో ఒక్క లైను పని అది, కానీ హాస్కెల్‌లో దాన్ని సరిగ్గా చేయాలంటే టైపులు, ఎర్రర్లు, మేబీ, ఫైల్ చదవడం, లేజీనెస్, టెస్టులు అన్నీ దారిలో తగుల్తాయి, ఆ దారంతా కలిసి నడుద్దాం.

ముందే ఒక మాట, కింద కోడ్ అంతా తెలుగు లిపిలో రాశా, చదివేటప్పుడు మనసులో తెలుగులోనే నడవాలని. మీ ఫైల్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి. హాస్కెల్‌లో టైపుల పేర్లు, కన్‌స్ట్రక్టర్ల పేర్లు కచ్చితంగా పెద్దక్షరంతో మొదలవ్వాలి, ఫంక్షన్ల పేర్లు చిన్నక్షరంతో. తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం అనే తేడానే లేదు కదా, కాబట్టి టైపుకి తెలుగు లిపిలో పేరు పెడితే కంపైలర్ ఒప్పుకోదు.

స్టెప్ 1: ఇన్‌స్టాల్

జీహెచ్‌సీఅప్ అనే టూల్ ఒక్కటి దింపుకుంటే చాలు, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లోనూ పని చేస్తుంది. దాంతో మూడు తెచ్చుకోండి: జీహెచ్‌సీ (కంపైలర్), కబాల్ (ప్యాకేజీలు తెచ్చి బిల్డ్ చేసేది), హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ (ఎడిటర్‌లో టైపులు చూపించేది). స్టాక్ కూడా కావాలా అని అడుగుతుంది, ఇప్పటికి వద్దనండి, రెండు బిల్డ్ టూల్స్ ఒకేసారి నేర్చుకోవడం అనవసరం. వెర్షన్ ఎంచుకునేటప్పుడు "లేటెస్ట్" అని ఉన్నది కాదు, "రికమెండెడ్" అని ఉన్నదే తీసుకోండి, అప్పుడే లాంగ్వేజ్ సర్వర్ దానికి సరిపోతుంది. డిస్క్‌లో కొన్ని జీబీలు ఖాళీ ఉండాలి.

తర్వాత ఒక ఫోల్డర్ చేసి అందులో కబాల్ ఇనిట్ కొట్టండి, అడిగిన ప్రశ్నలకి చాలావరకు ఎంటర్ కొడితే సరిపోతుంది. కబాల్ రెప్ల్ అంటే ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడ :టీ అని కొట్టి ఏదైనా పేరు ఇస్తే దాని టైపు చెప్తుంది, :ఆర్ కొడితే మార్చిన ఫైల్ మళ్ళీ లోడ్ అవుతుంది. ఈ రెండు కమాండ్లతోనే మొదటి నెల గడిచిపోతుంది, ఎడిటర్ ఒక పక్క, రెప్ల్ ఒక పక్క తెరిచి పెట్టుకోండి.

స్టెప్ 2: టైపు ముందు, కోడ్ తర్వాత

ఫంక్షన్ రాసే ముందు అది ఏం తీసుకుంటుందో ఏం ఇస్తుందో ఒక లైనులో రాసేయండి. హాస్కెల్ వాళ్ళు ఎవర్ని అడిగినా మొదట చెప్పేది ఇదే.

సగటు :: [డబుల్] -> డబుల్
సగటు అంకెలు = సమ్ అంకెలు / లెంగ్త్ అంకెలు

ఇది కంపైల్ అవ్వదు. అవ్వకపోవడమే మనకి కావాల్సింది, ఎందుకంటే ఈ ఎర్రర్ చదవడం వచ్చిందంటే సగం భాష వచ్చినట్టే.

పై లైను (టైపు రాసిన లైను) ఉన్నప్పుడు కంపైలర్ ఏమంటుందంటే, ఇక్కడ డబుల్ (దశాంశ అంకె) ఉండాలి, నువ్విచ్చింది ఇంట్ (పూర్ణ సంఖ్య), స్లాష్ గుర్తుకి కుడిపక్కన ఉన్న లెంగ్త్ దగ్గర తేడా కొట్టింది, అని. చాలా సూటిగా ఉంది. ఇప్పుడు ఆ టైపు లైను తీసేసి మళ్ళీ కంపైల్ చేయండి, ఈసారి ఎర్రర్ మారిపోతుంది, "ఇంట్‌కి ఫ్రాక్షనల్ ఇన్‌స్టెన్స్ లేదు" అంటుంది. తప్పు అదే, కానీ మాట మారింది. ఎందుకు? మనం టైపు చెప్పలేదు కాబట్టి కంపైలర్ తనే ఊహించుకుంది: లెంగ్త్ ఇంట్ ఇస్తుంది, స్లాష్‌కి రెండు పక్కలా ఒకే టైపు ఉండాలి, కాబట్టి సమ్ కూడా ఇంట్ అయ్యుండాలి, అయితే ఇంట్‌ని భాగించడం కుదరాలి, కుదరదు, అని. అంటే మన ఉద్దేశం తెలియక అది ఇంకో దారిలో పోయి అక్కడ ఆగిపోయింది. టైపు లైను రాస్తే ఎర్రర్ అసలు తప్పు ఉన్నచోటే వస్తుంది, రాయకపోతే ఎక్కడో దూరంగా వస్తుంది. చిన్న ఫంక్షన్‌లోనే ఇంత తేడా ఉంటే రెండు వందల లైన్ల ఫైల్‌లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ ఫ్రాక్షనల్ అనేది టైప్ క్లాస్, "భాగించడం వచ్చిన టైపులు" అనే గుంపు అనుకోండి. డబుల్ అందులో ఉంది (ఇన్‌స్టెన్స్ ఉంది అంటే అర్థం ఇదే), ఇంట్ లేదు. ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ఈ ఆలోచన పేపర్‌గా రాశారు, ఒకే ప్లస్ గుర్తు ఇంట్‌కీ డబుల్‌కీ ఎలా పనిచేయాలి అన్న ప్రశ్నకి జవాబుగా.

9.6 నుంచి జీహెచ్‌సీ ప్రతి ఎర్రర్‌కీ ఒక నంబరు ఇస్తుంది, ఉండాల్సిన టైపు ఒకటి ఉన్నది ఒకటి అయితే 83865, ఇన్‌స్టెన్స్ లేదంటే 39999. ఆ నంబరుతో వెతికితే వివరణ, సరిచేసిన ఉదాహరణ రెండూ దొరుకుతాయి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు కూడా ఎర్రర్ మొత్తం, ఆ నంబరుతో సహా పెట్టండి, మొదటి లైను ఒక్కటే పెడితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అసలు సంగతి తరచుగా మూడో నాలుగో లైనులో "ఫలానా ఆర్గ్యుమెంట్‌లో" అన్నచోట ఉంటుంది.

స్టెప్ 3: తెలియనిచోట ఖాళీ పెట్టండి

ఇంట్‌ని డబుల్‌గా మార్చే ఫంక్షన్ పేరు తెలియదు, ఏం చేయాలి? అక్కడ అండర్‌స్కోర్ పెట్టండి:

సగటు అంకెలు = సమ్ అంకెలు / _ (లెంగ్త్ అంకెలు)

కంపైలర్ ఆగి "ఇక్కడ ఖాళీ ఉంది, దాని టైపు ఇంట్ -> డబుల్" అని చెప్తుంది. దీన్ని టైప్డ్ హోల్ అంటారు. ఇప్పుడు హూగుల్‌లోకి వెళ్ళి ఆ టైపే అలాగే కొట్టండి, పేరుతో కాదు టైపుతో వెతికే సెర్చ్ అది, నీల్ మిచెల్ తయారు చేశాడు. ఫ్రమ్‌ఇంటిగ్రల్ దొరుకుతుంది. దాన్ని ఖాళీలో పెట్టగానే కంపైల్ అయిపోతుంది. నాకు హాస్కెల్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే, తెలియనిది ఉంటే ఆగిపోనక్కర్లేదు, ఖాళీ పెట్టి మిగతాది రాసుకుంటూ పోవచ్చు, ఖాళీలో ఏం పట్టాలో కంపైలరే చెప్తుంది.

స్టెప్ 4: ఖాళీ లిస్టు వస్తే?

రెప్ల్‌లో సగటు [] కొట్టి చూడండి. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, నాన్ అని వస్తుంది, అంటే సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చే "అంకె కాని అంకె". ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే ఇది చప్పుడు చేయకుండా ముందుకెళ్ళి తర్వాతి లెక్కలన్నీ పాడు చేస్తుంది. అసలు మన టైపే అబద్ధం చెప్పింది, ఏ లిస్టు ఇచ్చినా ఒక సగటు ఇస్తా అంది, ఖాళీ లిస్టుకి సగటే లేదు. కాబట్టి మార్చాల్సింది టైపుని, మేబీ అంటే విలువ ఉండొచ్చు (జస్ట్), లేకపోవచ్చు (నథింగ్) అని:

సగటు :: [డబుల్] -> మేబీ డబుల్
సగటు [] = నథింగ్
సగటు అంకెలు = జస్ట్ (సమ్ అంకెలు / ఫ్రమ్‌ఇంటిగ్రల్ (లెంగ్త్ అంకెలు))

ఇప్పుడు ఈ ఫంక్షన్ వాడే ప్రతివాళ్ళూ "లేకపోతే ఏంటి" అని జవాబు చెప్పే తీరాలి, చెప్పకుండా డబుల్‌లా వాడదామంటే కంపైల్ కాదు. జావాలో నల్ వచ్చి రాత్రిపూట సర్వర్ పడిపోవడం చూసినవాళ్ళకి ఈ సుఖం వెంటనే అర్థమవుతుంది. హాస్కెల్‌లో కూడా పాత పాపాలు లేకపోలేదు, లిస్టు మొదటిది తీసే హెడ్ అనే ఫంక్షన్ ఖాళీ లిస్టు మీద పేలిపోతుంది, దాని మీద ఏళ్ళ తరబడి చర్చ నడిచి చివరికి జీహెచ్‌సీ 9.8 నుంచి హెడ్, టెయిల్ వాడితే వార్నింగ్ ఇస్తోంది. ఆ వార్నింగ్ ఆపేయకండి.

ఇంకో వివాదం కూడా ఇక్కడే చెప్పాలి. 2015లో వచ్చిన 7.10 వెర్షన్‌లో లెంగ్త్, సమ్ లాంటివి లిస్టులకే కాకుండా ఫోల్డబుల్ (లోపలి విలువల మీద ఒక్కొక్కటిగా నడవగలిగేవి) అయిన అన్నిటికీ పనిచేసేలా మార్చారు. దాంతో లెంగ్త్ (3, 4) అంటే 1 వస్తుంది, సమ్ (3, 4) అంటే 4 వస్తుంది! జంటలో రెండోది మాత్రమే లోపల ఉన్నట్టు లెక్క, సిద్ధాంతం ప్రకారం సరైనదే, కానీ కొత్తవాళ్ళకి పిచ్చెక్కుతుంది. నా మాట, మీ ఫంక్షన్ టైపులో మామూలు లిస్టు అనే రాయండి, అవసరం వచ్చినప్పుడు విశాలం చేసుకోవచ్చు.

స్టెప్ 5: ఫైల్ చదవడం, బయటి ప్రపంచాన్ని అంచునే ఉంచడం

ఇంట్లో నెలనెలా కాలిన కరెంటు యూనిట్లు ఒక ఫైల్‌లో లైనుకొకటి రాసి ఉన్నాయనుకోండి. చదవడానికి టెక్స్ట్.రీడ్ మాడ్యూల్‌లో రీడ్‌మేబీ ఉంది, అంకె అయితే జస్ట్, కాకపోతే నథింగ్. కానీ "ఎక్కడో తప్పుంది" అంటే చాలదు, ఏ లైనో చెప్పాలి, అందుకని ఐదర్ వాడదాం, తప్పైతే లెఫ్ట్‌లో కారణం, సరైతే రైట్‌లో విలువ:

ఒకలైను :: (ఇంట్, స్ట్రింగ్) -> ఐదర్ స్ట్రింగ్ డబుల్
ఒకలైను (నంబరు, మాట) = కేస్ రీడ్‌మేబీ మాట ఆఫ్
  నథింగ్ -> లెఫ్ట్ ("లైను " ++ షో నంబరు ++ " అంకె కాదు: " ++ మాట)
  జస్ట్ వి -> రైట్ వి

చదువు :: స్ట్రింగ్ -> ఐదర్ స్ట్రింగ్ [డబుల్]
చదువు టెక్స్టు = ట్రావర్స్ ఒకలైను (జిప్ [1..] (లైన్స్ టెక్స్టు))

ట్రావర్స్ ఏం చేస్తుందంటే ఒక్కో లైనుకీ ఆ ఫంక్షన్ వాడుకుంటూ పోతుంది, అన్నీ రైట్ అయితే మొత్తం లిస్టు రైట్‌లో పెట్టి ఇస్తుంది, ఒక్కటి లెఫ్ట్ అయినా అక్కడే ఆగి ఆ లెఫ్ట్ ఇచ్చేస్తుంది. లూపు లేదు, ఫ్లాగు లేదు. ఇక్కడ తెలియకుండానే మీరు అప్లికేటివ్ అనేదాన్ని వాడేశారు, పేరు తర్వాత నేర్చుకోండి. జాగ్రత్తపడాల్సినవి: 412 అన్నా 412.5 అన్నా చదువుతుంది, చుట్టూ ఖాళీలున్నా పర్లేదు, కానీ మధ్యలో కామా ఉన్న 1,200 చదవదు, చుక్కతో మొదలయ్యే .5 చదవదు, మధ్యలో ఖాళీ లైను ఉన్నా తప్పే అంటుంది.

మెయిన్ = డూ
  టెక్స్టు <- రీడ్‌ఫైల్ "యూనిట్లు"
  కేస్ చదువు టెక్స్టు ఆఫ్
    లెఫ్ట్ తప్పు -> పుట్‌స్టర్‌లైన్ తప్పు
    రైట్ అంకెలు -> కేస్ సగటు అంకెలు ఆఫ్
      నథింగ్ -> పుట్‌స్టర్‌లైన్ "ఫైల్ ఖాళీగా ఉంది"
      జస్ట్ వి -> పుట్‌స్టర్‌లైన్ ("సగటు: " ++ షో వి)

గమనించండి, ఫైల్ ముట్టుకున్నది, స్క్రీన్ మీద రాసింది మెయిన్ ఒక్కటే. సగటు, చదువు రెండూ ప్యూర్, వాటి టైపులో ఐఓ (బయటి ప్రపంచంతో పని ఉందని చెప్పేది) అనే మాటే లేదు, అంటే అవి దొంగచాటుగా ఫైల్ తెరవలేవు, నెట్‌కి పోలేవు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే ఆచరణలో నాకు తెలిసింది ఇదే: ఆలోచించే భాగం లోపల, ప్రపంచంతో మాట్లాడే భాగం అంచున పల్చగా.

తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. పుట్‌స్టర్‌లైన్ బదులు ప్రింట్‌తో "తెలుగు" అనే స్ట్రింగ్ రాయిస్తే స్క్రీన్ మీద \3108\3142\3122\3137\3095\3137 అని వస్తుంది. ఫైల్ పాడైందని కంగారు పడొద్దు, ప్రింట్ లోపల షో ఉంటుంది, షో ఇంగ్లీషేతర అక్షరాలన్నిటినీ యూనికోడ్ నంబర్లుగా రాస్తుంది, 3108 అంటే త, 3142 అంటే ఎత్వం. అలాగే లెంగ్త్ "తెలుగు" అంటే 3 కాదు 6 వస్తుంది, గుణింతం గుర్తులు విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి, పేర్లని వరుసగా కాలమ్స్‌లో పేర్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. విండోస్‌లో తెలుగు ప్రింట్ చేసేటప్పుడు "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని ప్రోగ్రామ్ ఆగిపోతే మెయిన్ మొదట్లో హెచ్‌సెట్‌ఎన్‌కోడింగ్ ఎస్‌టీడీఅవుట్ యూటీఎఫ్8 అని ఒక లైను పెట్టండి, అది సిస్టమ్.ఐఓ మాడ్యూల్‌లో ఉంది.

స్టెప్ 6: లేజీనెస్, మెమరీ ఎక్కడికి పోతోంది

ఇది నిదానంగా చదవండి, చాలామంది సంవత్సరం తర్వాత గానీ దీని దగ్గరికి రారు, నేనైతే మొదట్లోనే చూడమంటా.

1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక సమావేశం దగ్గర ఫంక్షనల్ భాషల వాళ్ళు కూర్చున్నప్పుడు వాళ్ళందరినీ కలిపింది లేజీనెస్సే (విలువ అడిగేదాకా లెక్క కట్టకపోవడం). డేవిడ్ టర్నర్ చేసిన మిరాండా భాషతో మొదలుపెట్టి తలా ఒక లేజీ భాష ఉంది, అందరికీ కలిపి ఒక్కటి ఉంటే బాగుంటుందనుకున్నారు, తర్క శాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టుకున్నారు, 1990 ఏప్రిల్ 1న మొదటి రిపోర్ట్ వచ్చింది. కాబట్టి లేజీనెస్ ఈ భాషకి పుట్టుకతో వచ్చింది, తప్పించుకోలేం.

లేజీ అంటే, కిరాణా కొట్టులో పద్దు పుస్తకం గుర్తు తెచ్చుకోండి. కందిపప్పు ఇంత, నూనె ఇంత అని లైన్లు రాసుకుంటూ పోతారు, మొత్తం ఎప్పుడు కడతారు? మీరు వచ్చి ఎంతైంది అని అడిగినప్పుడు. హాస్కెల్ కూడా అంతే, "ఇది తర్వాత చేయాలి" అని ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది, దాన్ని థంక్ అంటారు, ఎవరైనా విలువ అడిగినప్పుడే చీటీ విప్పుతుంది. దీనివల్లే పైన [1..] అని అంతులేని లిస్టు రాసినా ప్రోగ్రామ్ వేలాడలేదు, ఎన్ని లైన్లున్నాయో అన్ని అంకెలే పుట్టాయి.

ఇప్పుడు మన సగటుకి కోటి అంకెలు ఇవ్వండి, [1..10000000]. సమ్ ఆ లిస్టు మీద నడుస్తుంది, మామూలుగా అయితే నడిచిన భాగాన్ని గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తూ వస్తుంది, కానీ అదే లిస్టు లెంగ్త్‌కి కూడా కావాలి కదా, కాబట్టి ఊడ్చలేదు. 64 బిట్ మెషీన్‌లో లిస్టు గది ఒకటి 24 బైట్లు, డబుల్ పెట్టె 16 బైట్లు, అంటే అంకెకి 40 బైట్లు, కోటికి 40 కోట్ల బైట్లు, దాదాపు 400 ఎంబీ, సగటు అనే ఒక్క అంకె కోసం! కలెక్టర్ కాపీ చేసేటప్పుడు ఇంకా ఎక్కువే పడుతుంది. చూడాలంటే ఆర్‌టీఎస్ఆప్ట్స్ ఫ్లాగుతో కంపైల్ చేసి, రన్ చేసేటప్పుడు +ఆర్‌టీఎస్ -ఎస్ ఇవ్వండి, చివర్లో "మ్యాక్సిమమ్ రెసిడెన్సీ" (మెమరీలో ఒకేసారి నిలిచి ఉన్న డేటా ఎక్కువలో ఎక్కువ ఎంతో) అనే లైను చూడండి.

పరిష్కారం ఒకేసారి నడవడం, మొత్తం, ఎన్ని, రెండూ వెంట మోసుకుంటూ. అందరూ ముందు చేసేది ఫోల్డ్‌ఎల్' అనే ఫంక్షన్ (లిస్టు మీద నడుస్తూ ఒక విలువని వెంట మోసేది, చివర ' గుర్తు ఉన్నదే, లేనిది కాదు) తీసుకుని జంటని మోయడం. ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఫోల్డ్‌ఎల్' ప్రతి అడుగులో విలువని విప్పుతుంది నిజమే, కానీ పై పొర వరకే, జంట అయితే "ఇది జంట" అని తేలేదాకానే, లోపలి రెండు గదుల్లో చీటీలు అలాగే పేరుకుంటూ పోతాయి. ఆప్టిమైజేషన్ పెడితే కంపైలర్ ఒక్కోసారి కాపాడుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. లోపలి గదులు కూడా వెంటనే లెక్క కట్టాలని మనమే టైపులో రాసేద్దాం, ఆశ్చర్యార్థకం గుర్తు దానికే:

డేటా జమ = జమ !డబుల్ !ఇంట్

సగటు :: [డబుల్] -> మేబీ డబుల్
సగటు అంకెలు = ముగించు (ఫోల్డ్‌ఎల్' కలుపు (జమ 0 0) అంకెలు)
  వేర్
    కలుపు (జమ మొత్తం ఎన్ని) వి = జమ (మొత్తం + వి) (ఎన్ని + 1)
    ముగించు (జమ _ 0) = నథింగ్
    ముగించు (జమ మొత్తం ఎన్ని) = జస్ట్ (మొత్తం / ఫ్రమ్‌ఇంటిగ్రల్ ఎన్ని)

ఫోల్డ్‌ఎల్' జీహెచ్‌సీ 9.10 నుంచి ఇంపోర్ట్ లేకుండానే వస్తుంది, అంతకుముందు వెర్షన్లలో డేటా.లిస్ట్ నుంచి తెచ్చుకోవాలి. ఇప్పుడు మళ్ళీ రన్ చేసి రెసిడెన్సీ చూడండి, కోటి అంకెలకి కూడా చాలా కొద్దిగానే ఉంటుంది. ఖాళీ లిస్టు కేసు కూడా ముగించులో తనంతట తనే సర్దుకుంది.

అయితే మన ఫైల్ ప్రోగ్రామ్‌లో ఒక మెలిక మిగిలే ఉంది. ఐదర్‌తో ట్రావర్స్ చేస్తే చివరి లైను కూడా సరిగ్గా ఉందని తేలేదాకా రైట్ అనలేదు, అంటే లిస్టు మొత్తం మెమరీలో ఉండి తీరుతుంది. నెలవారీ యూనిట్లకి, లక్ష లైన్లకి కూడా ఏ ఇబ్బందీ లేదు. కోట్ల లైన్లయితే మాత్రం లిస్టు కట్టకుండా లైను చదవగానే జమలో కలిపేసేలా ఫోల్డ్ రాసుకోవాలి, స్ట్రింగ్ కూడా వదిలేసి టెక్స్ట్‌కో బైట్‌స్ట్రింగ్‌కో మారాలి, ఎందుకంటే స్ట్రింగ్ అంటే అక్షరాల లిస్టే, ప్రతి అక్షరానికీ ఒక గది.

స్టెప్ 7: క్విక్‌చెక్‌తో పరీక్ష

స్వీడన్‌లోని చామర్స్ యూనివర్సిటీలో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో బయటపెట్టిన లైబ్రరీ ఇది, తర్వాత ఎన్నో భాషలు దీన్ని తెచ్చుకున్నాయి. మనం ఉదాహరణలు రాయం, ఎప్పుడూ నిజంగా ఉండాల్సిన మాట ఒకటి రాస్తాం, అదే 100 యాదృచ్ఛిక లిస్టులు తయారుచేసి పరీక్షిస్తుంది, తప్పు దొరికితే దాన్ని వీలైనంత చిన్నది చేసి చూపిస్తుంది. సగటు గురించి ఎప్పుడూ నిజమైన మాట ఏది? అన్నిటికన్నా చిన్నదానికీ పెద్దదానికీ మధ్యలో ఉంటుంది.

మధ్యలోనే :: [డబుల్] -> బూల్
మధ్యలోనే అంకెలు = కేస్ సగటు అంకెలు ఆఫ్
  నథింగ్ -> నల్ అంకెలు
  జస్ట్ వి -> మినిమమ్ అంకెలు <= వి && వి <= మ్యాక్సిమమ్ అంకెలు

కబాల్ ఫైల్‌లో డిపెండెన్సీల దగ్గర క్విక్‌చెక్ చేర్చి, రెప్ల్‌లో క్విక్‌చెక్ మధ్యలోనే కొట్టండి. 100 పరీక్షలు పాస్ అయిపోవచ్చు కూడా. కానీ చేత్తో మధ్యలోనే [0.1, 0.1, 0.1] ఇచ్చి చూడండి, ఫాల్స్ వస్తుంది! మూడూ ఒకటే అంకె, సగటు మాత్రం 0.10000000000000002. మన కోడ్ తప్పు కాదు, డబుల్‌లో 0.1 కచ్చితంగా పట్టదు, మూడు సార్లు కలిపేసరికి కొస తేలింది. అంటే తప్పు మనం "ఎప్పుడూ నిజం" అని రాసిన మాటలో ఉంది.

దీనికి రెండు దారులు. ఒకటి, పోల్చేటప్పుడు కాస్త సందు వదలడం, ఎంత వదలాలో అంకెల సైజుని బట్టి ఆలోచించుకోవాలి. రెండోది నాకు నచ్చేది, టెస్టుకి ఇంట్ లిస్టులు తీసుకుని ఫ్రమ్‌ఇంటిగ్రల్‌తో డబుల్‌గా మార్చి ఇవ్వడం. క్విక్‌చెక్ ఇచ్చే చిన్న చిన్న పూర్ణ సంఖ్యలు డబుల్‌లో తేడా లేకుండా కలుస్తాయి కాబట్టి మధ్యలోనే అన్నది అప్పుడు నిజంగానే ఎప్పుడూ నిజం, విత్‌మ్యాక్స్‌సక్సెస్ 10000 పెట్టి పరీక్షించినా నిలబడుతుంది. ఆ టెస్టు టైపు [ఇంట్] -> బూల్ అవుతుంది, ముందు ఆ లైను రాయండి, తర్వాత మ్యాప్ పక్కన అండర్‌స్కోర్ పెట్టి అక్కడ ఏ టైపు పట్టాలో కంపైలర్‌నే అడగండి.